చిన్న బోర్డు మీద సాఫ్ట్‌వేర్ సింథ్: చిటపటలు పోవాలన్నా, ఆలస్యం తగ్గాలన్నా

రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులో ఫ్లూయిడ్‌సింథ్ (కీ నొక్కితే వాయిద్యం సౌండ్ తయారు చేసే ప్రోగ్రాము, అంటే సాఫ్ట్‌వేర్ సింథ్) వేసి, యూఎస్‌బీ మిడి కీబోర్డు తగిలించి ఒక్కో కీ నొక్కి చూస్తే అంతా బాగానే ఉంటుంది. పెడల్ తొక్కి రెండు చేతులతో వాయించడం మొదలుపెడితేనే అసలు రంగు బయటపడుతుంది. చిటపటలు, మధ్యలో తెగిపోయే స్వరాలు, లేదంటే కీ నొక్కాక కాస్త ఆగి వచ్చే సౌండ్. బోర్డుకు అంత సత్తా లేదులే అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు, లేదా ఇంకా పెద్ద బోర్డు కొంటారు. నన్నడిగితే కొనేముందు కింది పనులన్నీ చేసి చూడండి. రాస్‌ప్‌బెర్రీ పై 3 లాంటి పాత బోర్డు కూడా మామూలు పియానో సౌండ్‌ఫాంట్‌ను (వాయిద్యం రికార్డింగులు, అంటే శాంపుళ్లు, ఉన్న ఫైల్‌ను) ఇబ్బంది లేకుండా వాయించగలదు, దానికి అడ్డం పడేవి వేరే ఉంటాయి.

కమాండ్లు, సెట్టింగుల పేర్లు ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఉదాహరణలు రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్‌వి, లైనక్స్ నడిచే మిగతా బోర్డులకూ దాదాపు ఇదే వర్తిస్తుంది.

ముందు చిటపట ఎందుకొస్తుందో చూడండి

శాంపుల్ రేట్ 48000 (సెకనుకు అన్ని ఫ్రేములు, అంటే సౌండ్ తునకలు), బఫర్ 128 ఫ్రేములు అనుకుందాం. అంటే సౌండ్ కార్డు ప్రతి 2.67 మిల్లీసెకన్లకు ఒకసారి కొత్తగా 128 ఫ్రేములు అడుగుతుంది, సెకనుకు 375 సార్లు. సింథ్ ప్రతిసారీ ఆ గడువు లోపల లెక్క కట్టి ఇవ్వాలి. 374 సార్లు ఇచ్చి ఒక్కసారి ఆలస్యం చేసినా చెవికి వినపడేది ఆ ఒక్కటే. దీన్నే ఎక్స్‌రన్ అంటారు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు లాంటిది ఈ బఫర్: ట్యాంకు చిన్నదైతే మోటారు మాటిమాటికీ వేయాలి, ఒక్కసారి మర్చిపోయినా కుళాయిలో గాలే వస్తుంది.

అందుకే సగటు సీపీయూ వాడకం చూసి ఏమీ తేల్చుకోకండి. డెస్క్‌టాప్ మూలన ఉండే మీటరు 25 శాతం చూపిస్తుంటే ఇంకా బోలెడంత ఖాళీ ఉందనిపిస్తుంది గానీ, నాలుగు కోర్ల బోర్డులో 25 శాతం అంటే ఒక కోర్ పూర్తిగా నిండిపోయి మిగతా మూడు ఖాళీగా కూర్చున్నాయని కూడా అర్థం. చాలా సింథ్‌లు సౌండ్ మొత్తాన్ని ఒకే త్రెడ్‌లో (ఒకసారికి ఒక్క కోర్ మీదే నడిచే పనిలో) తయారు చేస్తాయి కాబట్టి సరిగ్గా ఇదే జరుగుతుంది. హెచ్‌టాప్ తెరిచి ఒక్కో కోర్‌ను విడిగా చూడండి.

జాక్, పైప్‌వైర్ అనేవి ప్రోగ్రాముల నుంచి సౌండ్ కార్డుకు సౌండ్ చేరవేసే సాఫ్ట్‌వేర్లు. కొలవడానికి జాక్ వాడేవాళ్లకు క్యూజాక్‌కంట్రోల్‌లో ఎక్స్‌రన్‌ల లెక్క కనిపిస్తుంది, పైప్‌వైర్ వాడేవాళ్లకు పీడబ్ల్యూ-టాప్‌లో ఎర్రర్ కాలమ్ ఉంటుంది. మీ దగ్గరున్న అతి బరువైన ప్రీసెట్ (సింథ్‌లో ముందే సిద్ధం చేసి ఉన్న సౌండ్) పెట్టి, పెడల్ తొక్కిపట్టి, రెండు చేతులతో ఒకటి రెండు నిమిషాలు కుమ్మేయండి. ఎన్ని వచ్చాయో రాసుకుని, ఒక్కో మార్పు చేశాక మళ్లీ అదే పరీక్ష పెట్టండి. ఒకేసారి ఐదు మార్పులు చేస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల పాడైందో ఎప్పటికీ తెలియదు.

కరెంటు, వేడి

సెట్టింగుల జోలికి వెళ్లకముందే దీన్ని తేల్చుకోండి, ఎందుకంటే ఇది సరిగా లేకపోతే తర్వాత చేసేదంతా వృథా. బోర్డుకు వచ్చే వోల్టేజీ సుమారు 4.63 వోల్టుల కంటే తగ్గితే బోర్డు దాన్ని గుర్తించి, ప్రాసెసర్ వేగాన్ని తనంతట తాను తగ్గించేస్తుంది. వాయిస్తున్న మధ్యలో వేగం పడిపోతే ఎక్స్‌రన్ రాక మానదు. ఫోన్ ఛార్జర్లతో, సన్నటి పొడవాటి కేబుళ్లతో వచ్చే తంటా ఇదే. ఛార్జర్ మీద 3 ఆంప్స్ అని రాసి ఉన్నా కేబుల్‌లోనే వోల్టేజీ పడిపోవచ్చు. పై 3కి 5.1 వోల్టులు 2.5 ఆంప్స్, పై 4కి 3 ఆంప్స్, పై 5కి 5 ఆంప్స్ ఇచ్చే అడాప్టర్ కావాలి.

అనుమానంతో కూర్చోనక్కర్లేదు, బోర్డునే అడగొచ్చు. వీసీజెన్‌సీఎండీ పక్కన గెట్-థ్రాటిల్డ్ అని ఇవ్వండి (రెండు మాటల మధ్య అండర్‌స్కోర్). జవాబు సున్నా అయితే బూట్ అయినప్పటి నుంచి అంతా సవ్యంగా ఉన్నట్టు. చివర 50000 అని వస్తే ఇప్పుడు బాగానే ఉంది గానీ ఇంతకుముందు వోల్టేజీ తగ్గి వేగానికి కోత పడిందని, 50005 అని వస్తే ఇప్పటికిప్పుడే ఆ కోత నడుస్తోందని. ఈ కమాండ్‌ను వాయించకముందు కాదు, గట్టిగా వాయించిన తర్వాత ఇవ్వండి.

వేడి సంగతీ అంతే. 80 డిగ్రీల దగ్గర్నుంచి పై వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. పై 3బి ప్లస్‌కు అయితే 60 డిగ్రీలకే మొదటి కోత పడుతుంది, 1.4 గిగాహెర్ట్జ్ నుంచి 1.2కి దిగుతుంది. హీట్‌సింక్ అతికించండి, మూసేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టకండి. ఫ్యాన్ పెడితే మంచిదే, మైకు పక్కన లేకపోతే.

తర్వాత గవర్నర్, అంటే ప్రాసెసర్ వేగం ఎప్పుడు ఎంత ఉండాలో నిర్ణయించే సెట్టింగ్. పై ఓఎస్‌లో మామూలుగా ఆన్‌డిమాండ్ అని ఉంటుంది. పని లేనప్పుడు వేగం తగ్గించి (పై 3, పై 4లలో 600 మెగాహెర్ట్జ్ దాకా), పని పడగానే పెంచుతుంది. కరెంటు ఆదా అవుతుంది, బాగానే ఉంది, కానీ నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా పది వేళ్లతో కీల మీద పడితే వేగం పెరిగేలోపే గడువు దాటిపోతుంది. పాట మొదట్లోనే ఒక్క టిక్ వచ్చి తర్వాత అంతా బాగుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. గవర్నర్‌ను పర్ఫార్మెన్స్‌కు మార్చండి, బూట్ అయిన ప్రతిసారీ మారేలా చిన్న సిస్టమ్‌డి సర్వీస్ రాసి పెట్టుకోండి. ఇంత తక్కువ శ్రమతో ఇంత తేడా తెచ్చే మార్పు ఇంకోటి లేదు. ఓవర్‌క్లాక్ మాత్రం చివరికి వదిలేయండి, కరెంటు, వేడి తేలకుండా అది చేస్తే ఉన్న తలనొప్పి రెట్టింపవుతుంది.

సౌండ్ బయటికొచ్చే దారి

పై 4 వరకూ పెద్ద మోడళ్ల మీద ఉండే 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ జాక్‌తో సింథ్ వాయించాలనుకోకండి. అందులో అసలైన డీఏసీ (డిజిటల్ సౌండ్‌ను స్పీకర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిప్) లేదు, పల్స్ విడ్త్ మాడ్యులేషన్‌తో సౌండ్ పుట్టిస్తారు, వెనకాల సన్నటి రొద వినిపిస్తుంది. పైగా ఆ ఆడియో గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఫర్మ్‌వేర్ మీదుగా తిరిగి వెళ్తుంది కాబట్టి చిన్న బఫర్లు దానికి పడవు. పై 5లో ఆ జాక్ తీసేశారు, ఒక రకంగా గొడవ వదిలింది.

మీ ముందు రెండు దార్లున్నాయి. యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి, పిన్నుల మీద కూర్చుని ఐ2ఎస్ అనే నేరు ఆడియో తీగల ద్వారా పనిచేసే డీఏసీ బోర్డు రెండోది. మైకు, గిటార్ ఇన్‌పుట్ అక్కర్లేకపోతే నేను రెండోదానికే ఓటేస్తాను, పీసీఎం5102 చిప్ ఉన్న బోర్డు చాలు. యూఎస్‌బీ మధ్యలో ఉండదు, అది మిడి కీబోర్డుకు మిగులుతుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో హైఫైబెర్రీ-డాక్ అనే ఓవర్‌లే వరుస చేర్చి, లోపలి ఆడియోను ఆఫ్ చేసి రీబూట్ చేస్తే ఏప్లే కమాండ్ చూపే కార్డుల లిస్టులో కొత్త కార్డు కనిపిస్తుంది. ఈ ఫైల్ కొత్త ఓఎస్‌లో బూట్ లోపల ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఉంటుంది, పాతవాటిలో నేరుగా బూట్‌లోనే.

యూఎస్‌బీ ఇంటర్‌ఫేసే వాడేటట్టయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. పై 3, అంతకు ముందు మోడళ్లలో యూఎస్‌బీ పోర్టులూ, ఈథర్‌నెట్టూ కలిసి ఒకే యూఎస్‌బీ 2.0 దారిని పంచుకుంటాయి. నెట్‌వర్క్‌లో పెద్ద ఫైల్ కాపీ అవుతుంటే ఆడియో నలుగుతుంది. పై 4 నుంచి ఈథర్‌నెట్‌కు వేరే దారి ఇచ్చారు.

కార్డును నంబరుతో కాకుండా పేరుతో పిలవడం అలవాటు చేసుకోండి. ఇవాళ ఒకటో నంబరుగా ఉన్న కార్డు రేపు బూట్ అయ్యాక రెండోది కావచ్చు. సింథ్ బాగానే నడుస్తూ సౌండ్ మాత్రం రాకపోతే చాలాసార్లు కారణం ఇదే.

బఫర్ లెక్క

లేటెన్సీ (ఆలస్యం) లెక్క తేలిక. సౌండ్ కార్డు ఒక్కసారికి అడిగే ఫ్రేముల ముక్క ఒక పీరియడ్, ఇందాకటి 128 అదే. పీరియడ్ సైజును పీరియడ్ల సంఖ్యతో గుణించి శాంపుల్ రేట్‌తో భాగించడమే. 128 ఫ్రేములు, 3 పీరియడ్లు, 48000 అయితే 8 మిల్లీసెకన్లు. 256, 3 అయితే 16. 64, 2 అయితే 2.67. వీటి మీద డీఏసీ, మిడి తరఫున ఇంకొంచెం కలుస్తుంది.

ఎంత తక్కువ కావాలి? గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది, అంటే 10 మిల్లీసెకన్లకు మూడున్నర మీటర్ల లోపు. గదిలో అటు చివర పెట్టిన స్పీకర్ వింటూ వాయించగలిగినవాళ్లకు హెడ్‌ఫోన్‌లో 8 మిల్లీసెకన్లు అడ్డు కానే కాదు. 64 ఫ్రేముల కోసం పంతం పట్టి సగం రోజు పోగొట్టుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. 128తో మొదలుపెట్టండి, నిలబడకపోతే 256కు వెళ్లండి. యూఎస్‌బీ కార్డులకు 2 కన్నా 3 పీరియడ్లు బాగా పనిచేస్తాయి, ఐ2ఎస్ కార్డులకు 2 సరిపోవచ్చు.

ఫ్లూయిడ్‌సింథ్‌ను నేరుగా ఆల్సాతో (సౌండ్ కార్డును నడిపే లైనక్స్ భాగం) నడిపేవాళ్లు గమనించండి: లైనక్స్‌లో దాని డిఫాల్ట్ పీరియడ్ సైజు 64, కానీ పీరియడ్లు 16. గుణిస్తే 1024 ఫ్రేములు, 44100 దగ్గర 23 మిల్లీసెకన్లు. పీరియడ్ సైజు చూసి, 64 పెట్టినా ఆలస్యంగా ఎందుకొస్తోందని బుర్ర బద్దలు కొట్టుకోవద్దు, ఆలస్యం రెండో అంకెలో ఉంది. చిన్న జెడ్ ఆప్షన్‌తో సైజు, చిన్న సి ఆప్షన్‌తో సంఖ్య మార్చుకోవచ్చు.

శాంపుల్ రేట్ 96000 పెట్టకండి. లెక్క రెట్టింపవుతుంది, సౌండ్‌ఫాంట్‌లోని శాంపుళ్లు మామూలుగా 44100 దగ్గర రికార్డు చేసినవే, వినడానికి ఒరిగేదేమీ ఉండదు.

ఒకే ఒక్క సింథ్ నడిపేట్టయితే మధ్యలో జాక్ గానీ పైప్‌వైర్ గానీ అక్కర్లేదు, నేరుగా ఆల్సా చాలు. రెండు మూడు సింథ్‌లు కలపాలన్నా, వెనకాల ఎఫెక్టులు తగిలించాలన్నా జాక్ పెట్టుకోండి. పై ఓఎస్ డెస్క్‌టాప్‌లో బుక్‌వర్మ్ వెర్షన్ నుంచి పైప్‌వైర్ ముందే నడుస్తూ ఉంటుంది, సింథ్ కార్డును తెరవబోతే బిజీ అని వస్తే దాన్ని పట్టుకున్నది అదే కావచ్చు.

రియల్‌టైమ్ అనుమతి

ఇది లేకుండా పైవన్నీ సగమే పనిచేస్తాయి. లైనక్స్ మామూలుగా అన్ని ప్రోగ్రాములకూ వంతులవారీగా టైమ్ ఇస్తుంది, సింథ్ కూడా ఆ వరుసలో నిలబడుతుంది. రియల్‌టైమ్ ప్రయారిటీ ఇస్తే దాని పని పడగానే మిగతావాటిని పక్కకు జరిపి ముందుకొస్తుంది. జాక్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రియల్‌టైమ్ ప్రయారిటీ కావాలా అని ఒక నీలం తెర అడుగుతుంది, చాలామంది చదవకుండా నో కొట్టేస్తారు. యెస్ అంటే లిమిట్స్ ఫోల్డర్‌లో ఆడియో గ్రూపుకు ఆర్‌టీప్రయో 95, మెమ్‌లాక్ అన్‌లిమిటెడ్ అని రెండు వరుసలు చేరతాయి. జాక్ వాడకపోతే ఆ ఫైల్ మీరే రాసుకోండి. మీ యూజర్ ఆడియో గ్రూపులో ఉండాలి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి.

అనుమతి ఇచ్చినంత మాత్రాన సింథ్ దాన్ని వాడుతోందని కాదు. పీఎస్ కమాండ్‌తో త్రెడ్‌లను, వాటి షెడ్యూలింగ్ క్లాసును చూపించమనండి. సింథ్ త్రెడ్‌లలో ఒకదాని పక్కనైనా ఎఫ్‌ఎఫ్ అని, దాని పక్కన ఒక అంకె ఉండాలి. అన్నిటికీ టీఎస్ అనే ఉంటే ఇంకా వరుసలోనే నిలబడి ఉంది.

కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) సంగతికొస్తే, రియల్‌టైమ్ పనులను గడువులోపు నడిపించడానికి ఏళ్ల తరబడి విడి ప్యాచ్‌గా ఉన్న ప్రీఎంప్ట్-ఆర్‌టీ 2024లో 6.12 వెర్షన్‌తో అసలు లైనక్స్ కెర్నల్‌లో కలిసిపోయింది. కలిసింది అంటే కంపైల్ చేసేటప్పుడు ఆన్ చేసుకునే వీలుందని మాత్రమే, మీ బోర్డులోని కెర్నల్‌లో అది ఆన్ అయి ఉందో లేదో యూనేమ్ కమాండ్ చెబుతుంది. 128, 256 ఫ్రేములకు అంత దూరం పోనక్కర్లేదు, మామూలు కెర్నల్‌కే సీఎండీలైన్ ఫైల్‌లోని బూట్ వరుసలో త్రెడ్‌ఐఆర్‌క్యూస్ అనే ఆప్షన్ చేరిస్తే చాలావరకు సరిపోతుంది. ఆ సీఎండీలైన్ ఫైల్ మొత్తం ఒకే వరుసలో ఉండాలి సుమా, ఎంటర్ కొట్టి రెండో వరుసలో రాస్తే పనిచేయదు.

అదే వరుసలో ఐసోల్‌సీపీయూస్ పెట్టి ఒక కోర్‌ను అందరికీ దూరంగా ఉంచి, టాస్క్‌సెట్‌తో సింథ్‌ను అందులో కూర్చోబెట్టే పద్ధతి కూడా ఉంది. ఒకే త్రెడ్ సింథ్‌లకు పనికొస్తుంది. ఎక్కువ త్రెడ్‌లు వాడే సింథ్‌ను అలా ఒకే కోర్‌లో బంధిస్తే మాత్రం ఉన్నదీ పోతుంది.

వెనకాల నడిచేవి

డెస్క్‌టాప్ అక్కర్లేకపోతే కన్సోల్‌లోకి బూట్ అయ్యేలా మార్చి, ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లండి. బ్లూటూత్ వాడకపోతే తీసేయండి. వైఫై కూడా వాయించేటప్పుడు ఆపండి. పదిహేను నిమిషాలు బాగా నడిచి, ఉన్నట్టుండి ఒక చిటపట వచ్చి మళ్లీ మామూలైపోతోందంటే టైమర్లను చూడండి. ఏపీటీ అప్‌డేట్లు వెతికేది, లాగ్‌లు చుట్టిపెట్టేది, మాన్ పేజీల జాబితా తిరగరాసేది ఇలా చాలా ఉంటాయి, సిస్టమ్‌సీటీఎల్‌తో టైమర్ల జాబితా అడిగితే ఏది ఎప్పుడు లేస్తుందో టైముతో సహా కనిపిస్తుంది. చిటపట వచ్చిన టైము దీనితో కలిస్తే దొంగ దొరికినట్టే.

మెమరీ కార్డు కూడా ఇందులో భాగస్వామే. ర్యామ్ నిండి స్వాప్ మొదలైతే సింథ్‌కు కావలసిన డేటా కార్డు మీదకు పోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పట్టే సమయం ముందు 2.67 మిల్లీసెకన్లు ఏపాటి. స్వాప్ ఆపేయండి, ర్యామ్‌లో పట్టేంత సౌండ్‌ఫాంటే వాడండి. ఫ్లూయిడ్‌సింథ్ మామూలుగా ఫైల్ మొత్తాన్ని ర్యామ్‌లోకి లాగుతుంది. ఫ్లూయిడ్ ఆర్3 జీఎం సుమారు 140 మెగాబైట్లు, 1 జీబీ బోర్డుకు ఏమీ బరువు కాదు. ఒకటి రెండు గిగాబైట్ల గ్రాండ్ పియానోలతోనే చిక్కు. డైనమిక్ శాంపుల్ లోడింగ్ ఆన్ చేస్తే ఎంచుకున్న ప్రీసెట్ శాంపుళ్లే లోపలికొస్తాయి, కాకపోతే వాయిస్తూ ప్రీసెట్ మారిస్తే అప్పుడు కార్డు కోసం ఆగాల్సి వస్తుంది. ఎస్‌ఎఫ్3 ఫైళ్లు (కుదించిన సౌండ్‌ఫాంట్లు) చిన్నవి కదా అని మురిసిపోకండి, అవి చిన్నగా ఉండేది కార్డు మీదే, లోడ్ అయ్యేటప్పుడు విప్పుకుని ర్యామ్‌లో పూర్తి చోటు తీసుకుంటాయి.

సింథ్ లోపలి బరువు తగ్గించడం

సిస్టమ్ అంతా సర్దాక కూడా ఒక కోర్ నిండిపోతోందంటే సింథ్ చేస్తున్న పనే ఎక్కువ. ఫ్లూయిడ్‌సింథ్‌లో మొదట చూడాల్సింది పాలిఫొనీ, అంటే ఒకేసారి ఎన్ని వాయిస్‌లు (విడివిడిగా లెక్క కట్టే సౌండ్‌లు) మోగవచ్చో ఆ పరిమితి. డిఫాల్ట్ 256 వాయిస్‌లు. స్టీరియో పియానోలో ఒక్క కీకి రెండు వాయిస్‌లు పోతాయి, లేయర్లున్న ప్రీసెట్‌లో నాలుగు. పెడల్ తొక్కి వాయిస్తే ఇవి పేరుకుంటూ పోతాయి, మోగి తగ్గిపోయిన స్వరాలను కూడా సింథ్ లెక్క కడుతూనే ఉంటుంది. పాలిఫొనీని 64 లేదా 96కు దించండి. పరిమితి దాటినప్పుడు అది ఆపేది ముఖ్యంగా పాతబడి సన్నబడ్డ స్వరాలనే, చాలామందికి తేడా వినపడదు.

రివర్బ్, కోరస్ రెండూ మొదట్లోనే ఆన్ అయి ఉంటాయి. పెద్ద ఆర్, పెద్ద సి ఆప్షన్లకు సున్నా ఇచ్చి ఆపి చూడండి. రివర్బ్ లేని పియానో పొడిగా ఉంటుందనుకుంటే కోరస్ ఒక్కటైనా తీసేయండి, పియానోకు అది అక్కర్లేదు. శాంపుల్‌ను వేరే స్వరానికి సాగదీసేటప్పుడు మధ్య విలువలు లెక్క కట్టే ఇంటర్‌పొలేషన్ నాలుగో స్థాయిలో ఉంటుంది, ఒకటికి దించితే పని బాగా తగ్గుతుంది గానీ ఎత్తు స్వరాల్లో కాస్త గరుకుదనం తెలుస్తుంది, నేనైతే పాలిఫొనీ తగ్గించాకే దీని దగ్గరికి వస్తాను. సీపీయూ కోర్స్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఒకటి, దాన్ని రెండో మూడో చేస్తే వాయిస్‌ల పని కోర్ల మధ్య పంచుతుంది. బఫర్ మరీ చిన్నదైతే పంచుకునే శ్రమే ఎక్కువై లాభం కనపడకపోవచ్చు, కొలిచి చూడండి.

జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్‌ఎక్స్, యోషిమి అనే సింథ్‌లు వాడేవాళ్లకు ప్రీసెట్ ఎంపికే సగం పని. వాటిలో మూడు ఇంజిన్లున్నాయి. యాడ్‌సింథ్‌లో వాయిస్‌లు, యూనిజన్ (ఒకే స్వరాన్ని కొద్ది తేడాతో కలిపి మోగించే నకళ్లు) పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది. సబ్‌సింథ్‌లో హార్మోనిక్‌ల సంఖ్యతో పెరుగుతుంది. ప్యాడ్‌సింథ్ మాత్రం వేవ్‌టేబుల్‌ను ముందే లెక్క కట్టి పెట్టుకుంటుంది, లోడ్ అవ్వడానికి టైమ్ తీసుకున్నా వాయించేటప్పుడు తేలిక. వినడానికి భారీగా ఉండే ప్యాడ్ సౌండ్‌లే కొన్నిసార్లు చిన్న బోర్డు మీద హాయిగా నడవడానికి కారణం ఇదే. యూనిజన్ ఉన్న ప్రీసెట్లో దాన్ని సగానికి తగ్గించండి, ప్రతి పార్ట్‌కూ విడిగా ఉన్న రివర్బ్‌లు తీసేసి మొత్తానికి ఒక్కటి పెట్టండి.

పియానోటెక్ అనే పియానో సింథ్ శాంపుళ్లు వాడదు, తీగల మోగుడును అక్కడికక్కడే లెక్క కడుతుంది, కాబట్టి ర్యామ్ తక్కువ, సీపీయూ ఎక్కువ. అందులో లోపలి శాంపుల్ రేట్‌నూ, పాలిఫొనీనీ విడిగా తగ్గించుకోవచ్చు. దీనికి పై 4, పై 5 అయితేనే సుఖం.

64 బిట్ ఓఎస్ వాడండి, బోర్డు ఒప్పుకుంటే. సింథ్‌ను మీరే కంపైల్ చేసుకునేటట్టయితే ప్రాసెసర్ పేరు ఇవ్వండి: పై 3కి కార్టెక్స్ ఏ53, పై 4కి ఏ72, పై 5కి ఏ76.

ఇవేవీ పట్టించుకునే ఓపిక లేకపోతే లైనక్స్‌నే పక్కన పెట్టే దారి ఉంది. మినీడెక్స్‌డ్, ఎంటీ32-పై అనేవి ఓఎస్ లేకుండా నేరుగా పై మీద నడుస్తాయి. మొదటిది ఎఫ్‌ఎం సింథసిస్ సౌండ్‌లకు, రెండోది పాత రోలాండ్ ఎంటీ-32 సౌండ్‌లకు, సౌండ్‌ఫాంట్లకు. మధ్యలో దూరే టైమర్లు, డెస్క్‌టాప్ ఏవీ ఉండవు కాబట్టి స్విచ్ వేశాక కొన్ని సెకన్లలో వాయించుకోవచ్చు. లైనక్సే కావాలి గానీ సర్దే పని వద్దనుకుంటే జింథియన్ చూడండి, చాలా సింథ్‌లు సర్దిపెట్టి ఇస్తుంది.

అంతా కుదిరాక, మీ పరీక్షలో ఎక్స్‌రన్‌లు సున్నా అయ్యాక, రాస్పీ-కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేసుకోండి. కార్డు మీద ఏదీ రాయదు, షట్‌డౌన్ చేయకుండా ప్లగ్ పీకేసినా కార్డు పాడవదు, స్టేజీ మీద వాడే పెట్టెకు ఇది తప్పనిసరి. అది ఆన్‌లో ఉన్నంతసేపూ మీరు సేవ్ చేసిన కొత్త ప్రీసెట్లు రీబూట్‌తో మాయమైపోతాయి. వాటిని యూఎస్‌బీ డ్రైవ్‌లో దాచుకోండి, లేదంటే ఓవర్‌లే ఆఫ్ చేసి సేవ్ చేసి మళ్లీ ఆన్ చేయండి.